కోష్ఠాగారాధ్యక్షుని ప్రజ్ఞ – ధాన్యసేకరణము

కౌటిలీయార్థశాస్త్రమనగానే రాజోద్యోగుల చౌర్యమును గూర్చిన ప్రసంగమే పలువురకు స్ఫురించును. 1909లో ఆర్. శామశాస్త్రి ముద్రించి లోకమున కందించిన ఈ గ్రంథమున అంతకంటె గమనింపదగిన విషయమొకటి కలదు. ద్వితీయాధికరణమగు అధ్యక్షప్రచారమున, రాజాదాయమునకు హాని కలిగించు హేతువులను పరిగణించుచు ఆచార్యుడు మొదట పేర్కొన్నది లోభమును గాదు, అజ్ఞానమును. లోభము చివర వచ్చును. ఈ క్రమము యాదృచ్ఛికమని తోపదు. అజ్ఞానమనగా ఇచట చదువు లేకుండుట గాదు. తన పనియొక్క నడక, ఆచారము, వ్యవస్థ తెలియకుండుట.

కోష్ఠాగారాధ్యక్ష ప్రకరణమున దీనికి ఉదాహరణము దొరకును. దంచిన, విసరిన, వేచిన ధాన్యము, తడిసినది, ఎండినది ఎంత పెరుగునో, ఎంత తరుగునో అధ్యక్షుడు స్వయముగ చూచి తెలిసికొనవలెనని విధి. లేఖకుని మాట చాలదు. వ్రీహియందు సారము సగమని లెక్కయు నీయబడినది.

సిద్దిపేట ప్రాంతమున 2020లో రంగనాయకసాగరమునకు నీరు వచ్చిన పిదప వరిసాగు విస్తరించినది. మహిళాసంఘములును, ప్రాథమిక సహకార సంఘములును నడపు కేంద్రములలో పౌరసరఫరాల సంస్థకై వడ్లు కొనబడును. తేమ నూటికి 17 పాళ్లు దాటరాదు. 22 పాళ్ల తేమగల క్వింటాలును 17గా వ్రాసికొన్నచో, ఎండిన పిమ్మట మిగులునది సుమారు 94 కిలోలే, నష్టము ప్రభుత్వమునకు. యంత్రము ఎక్కువ చూపగా రైతు 14 పాళ్లవరకు ఎండబెట్టినచో క్వింటాలునకు మూడున్నర కిలోలు అతడు కోల్పోవును. 2024-25 నాటి ఏ-గ్రేడు మద్దతుధర 2,320 రూపాయల చొప్పున అది 81 రూపాయలు. కల్లమున నున్న కుప్పపై వాన పడినచో లెక్క వేరు.

తేమ చూచునది యంత్రమే గదా యనవచ్చును. కుప్ప పైనుండి తీసిన గింజకు ఒక సంఖ్య, అడుగునుండి తీసినదానికి మరొక సంఖ్య వచ్చును. ఎచట చేయి పెట్టవలెనో యంత్రము చెప్పదు. యంత్రమే తప్పు చూపవచ్చును గూడ. తూనికలను, కొలతలను నాలుగు మాసముల కొకసారి పరీక్షించి ముద్ర వేయవలెనని పౌతవ ప్రకరణము శాసించుట ఇందులకే.

అజ్ఞానఫలము వెంటనే కానరాదు. క్వింటాలు వడ్లకు మర యజమాని పచ్చిబియ్యమైన 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైన 68 కిలోలు అప్పగింపవలెను. నెలలు గడచిన పిమ్మట బియ్యము రంగుమారినదనియో, తక్కువైనదనియో వివాదము లేచును. ఆ లోపము కేంద్రమున పుట్టినదో, దారిలో పుట్టినదో, మరయందు పుట్టినదో తేల్చుటకు నాడు కుప్పవద్ద వ్రాసిన తేమసంఖ్యయే ముఖ్యాధారము.