నురుగుపై తేలు ఖనిజము

ధాన్యమును చేటతో చెఱిగినపుడు పొట్టు ఎగిరిపోయి గింజ నిలుచును. బరువులోని భేదమే ఈ పనికి ఆధారము. గనులలో దొరకు ఱాతిని పొడిచేసి, నీటి సాయమున ఇట్లే వేఱుచేయుట పూర్వపు పద్ధతి. బరువులు సమీపముగా నున్నచో ఈ పద్ధతి పనికిరాదు. ఆస్ట్రేలియాలో 1883లో కనుగొనబడిన బ్రోకెన్ హిల్ గనులలో ఈ చిక్కే కలిగెను. అచ్చటి సీసపు ఖనిజము నీటికంటె సుమారు 7½ రెట్లు బరువైనదగుటచే సులభముగ వేఱుపడెను. యశదపు ఖనిజము సుమారు 4 రెట్లు మాత్రమే బరువైనది. దానితోడి వ్యర్థశిలలును ఇంచుమించు అంతియే. కావున యశదము వ్యర్థపు గుట్టలలోనే పడియుండెను.

బరువును విడిచి, తడియు స్వభావమును ఆశ్రయించుటచే ఈ చిక్కు తీఱినది. తామరాకు నీటిని అంటనీయదు గదా. తగిన మందులు చేర్చినచో లోహఖనిజపు రేణువులకును అట్టి గుణము కలుగును, వ్యర్థశిలకు కలుగదు. యశదపు ఖనిజమునకు మొదట మైలుతుత్తమును, పిదప జాంథేటు అను మందును వాడుదురు. అపుడు నీటిలోనికి గాలి పంపిన, ఆ రేణువులు బుడగల నంటుకొని పైకి తేలి నురుగున చేరును. 1905లో సల్మన్, పికార్డు, బాలట్ అనువారు ఖనిజపు బరువులో నూటికి ఒకపాలుకన్న తక్కువ నూనె చేర్చి, తీవ్రముగ చిలికినచో మేలైన నురుగు కట్టునని చూపిరి.

ఇట్లు చిలుకుటచే కలుగు సంక్షోభము మేలు చేయునా, కీడు చేయునా? ఈ ప్రశ్నను మూడు మెట్లుగా విచారింతము.

మొదటిది తాకుట. నెమ్మదిగా పైకి పోవు బుడగ చుట్టును నీరు ప్రక్కలకు తొలగును. మిల్లీమీటరులో నూఱవవంతుకన్న సన్నని రేణువు, ఏటినడుమ బండను తప్పుకొనిపోవు గడ్డిపరకవలె, ఆ నీటివెంట పోయి బుడగను తాకదు. సుడులు రేగినపుడు రేణువునకును బుడగకును వేఱువేఱు వేగములు కలిగి, ఢీకొను అవకాశము పెరుగును. ఇచ్చట సంక్షోభము మిత్రుడు.

రెండవది అంటుట. రెండింటి నడుమ నుండు పలుచని నీటిపొర చిట్లినగాని రేణువు అంటదు. దీనికి సెకండులో వేయవవంతులు కొన్ని పట్టును. అంతకుముందే ఎడబాటు కలిగినచో రేణువు ఒరసి పోవును.

మూడవది వీడకుండుట. సుడిలో చిక్కిన బుడగ గిఱ్ఱున తిరుగగా, రేణువు ఒడిసెలలోని ఱాయివలె విసరివేయబడును. రేణువు వెడల్పు రెట్టింపైనచో దాని బరువు ఎనిమిది రెట్లగును. పట్టియుంచు బలమో, అంటిన అంచు పొడవును బట్టి రెండు రెట్లే పెరుగును. కాబట్టి ముతక రేణువులకు సంక్షోభము శత్రువు.

ఈ కారణములచే సుమారు నూఱవవంతు మొదలు నూటికి పదునైదువంతుల మిల్లీమీటరు వఱకు గల రేణువులు బాగుగ తేలును. అంతకంటె సన్ననివి తాకక, ముతకవి నిలువక, వ్యర్థముతో పోవును. ముతకవానిని ఇంకను నూఱుద మన్నచో విద్యుచ్ఛక్తి మిక్కిలి ఖర్చగును. కనుక ఇది పండితుల వినోదము గాదు, గనులకు లాభనష్టముల విషయము.

పెద్ద సుడులు చిన్న సుడులుగా విఱిగి, కడకు వాని శక్తి నీటి జిగటచే వేడియగునను సిద్ధాంతమును రష్యా దేశపు గణితజ్ఞుడు కొల్మొగోరోవ్ 1941లో లెక్కల రూపమున తెలిపెను. తొట్టిలో ఈ శక్తి అంతటను సమముగ నుండదు. తిరుగు చక్రమునొద్ద సగటుకంటె పలురెట్లు అధికము. అందుచే తొట్టిని మూడు భాగములుగ కూర్తురు: క్రింద గలిగిలి, నడుమ నెమ్మది, పైన కదలని నురుగు. ముతకపొడికై చక్రమే లేక, పైకి పొంగు నీటిపై రేణువులను ఆడించు తొట్లును నేడు గలవు.

విద్యార్థులు ఇంట చేయదగిన పరీక్ష యొకటి గలదు. గాజుగ్లాసులో సోడా పోసి నాలుగు ఎండుద్రాక్షలు వేయుడు. బుడగ లంటగా పండ్లు పైకి తేలును. అపుడు చెంచాతో గట్టిగా కలుపుడు; బుడగలు వీడి, పండ్లు మునుగును. కాని సోడాలో బుడగలు పండుమీదనే పుట్టును. గనితొట్టిలో అవి రేణువును వెదకి తాకవలయును. కావున అచ్చట కలుపుటయు, కలుపుటలో మితమును, రెండును ఆవశ్యకములు.