సింక్ అయ్యాక మిగిలే పని

మేనల్లుడా,

సిరిసిల్ల కాలేజీ ల్యాబ్‌లో డెబియన్ లినక్స్ నేర్చుకుంటున్నావని కోరుట్ల నుంచి మీ అమ్మ చెప్పింది. కమాండ్లు అక్కడ నేర్పుతారు. ప్యాకేజీలు సింక్ చేశాక వాటి సమాచారాన్ని తాజా చేసుకునే పనిని మాత్రం చాలామంది వదిలేస్తారు. ఈ ఉత్తరం దాని గురించే.

2016 అక్టోబరు 11న మా జగిత్యాల, మీ కాలేజీ ఉన్న సిరిసిల్ల కరీంనగర్ నుంచి విడిపోయి వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు అచ్చైన ఆధార్ కార్డు మీద మాత్రం ఇంకా కరీంనగర్ జిల్లా అనే ఉంటుంది. ఎవరి కార్డు వాళ్లు మార్చుకోవాల్సిందే. ప్యాకేజీల తీరూ ఇదే. ‘ఆప్ట్ అప్‌డేట్’ కొట్టగానే సర్వర్‌లోని తాజా జాబితా మెషిన్‌లోకి దిగుతుంది. అంతే. సాఫ్ట్‌వేర్ అప్పుడే మారదు, దాని గురించి రాసుకున్న నోట్సు అసలే మారదు. సాఫ్ట్‌వేర్‌ను మార్చేది తర్వాత కొట్టే ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’.

మన తెలుగు ఫాంట్లనే చూడు. డెబియన్‌లో ఒకప్పుడు ఆ ప్యాకేజీ పేరు ‘టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్’. తర్వాత ‘ఫాంట్స్-తెలు’ అయింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఇప్పుడు ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’లో దొరుకుతాయి. పేరు మారినప్పుడు పాత పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీని కొంతకాలం ఉంచడం డెబియన్ ఆనవాయితీ. దాన్ని అడిగితే కొత్తది వస్తుంది. తర్వాతి విడుదలల్లో ఆ ఖాళీదాన్నీ తీసేస్తారు. అప్పుడు పాత నోట్సు చూసి పాత పేరు కొట్టిన కుర్రాడికి ‘ప్యాకేజీ దొరకలేదు’ అన్న జవాబు వస్తుంది. వాడేమో నెట్ పోయిందనుకుని కేబుల్ పీకి మళ్లీ పెడతాడు.

అందుకే అప్‌డేట్‌కూ అప్‌గ్రేడ్‌కూ మధ్య ఆగి చదవాలి. ‘ఆప్ట్-లిస్ట్‌చేంజెస్’ పెట్టుకుంటే, అప్‌గ్రేడ్‌కు ముందే ఆయా ప్యాకేజీల్లో వచ్చిన ముఖ్యమైన మార్పులను తెర మీదకు తెస్తుంది. ఏ సెట్టింగ్ పోయిందో, ఏ ఫైలు చోటు మారిందో అక్కడే తెలిసిపోతుంది.

మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఫ్రీబీఎస్‌డీలో సాఫ్ట్‌వేర్ సేకరణను పోర్ట్స్ అంటారు. 1994లో మొదలైన ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌లో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అక్కడ ‘అప్‌డేటింగ్’ అనే ఫైలు ఉంటుంది. ప్రతి హెచ్చరికకూ తేదీ వేసి, అది ఎవరికి వర్తిస్తుందో, వాళ్లేం చేయాలో అందులో రాస్తారు. ‘మూవ్డ్’ అనే ఇంకో ఫైల్లో ఒక్కో లైనులో నాలుగు గడులు: పాత పేరు, కొత్త పేరు, తేదీ, కారణం. గిట్‌తో సింక్ చేస్తే ఈ రెండూ వచ్చేస్తాయి. ఇండెక్స్ మాత్రం రాదు. ‘మేక్ సెర్చ్’ వెతికేదేమో ఆ ఇండెక్స్‌లోనే! కాబట్టి ‘మేక్ ఇండెక్స్’తో తయారు చేసుకోవాలి, తొందరగా కావాలంటే ‘మేక్ ఫెచ్‌ఇండెక్స్’తో దించుకోవాలి. లేదంటే కొత్త పోర్ట్ డిస్క్ మీద ఉండి కూడా వెతికితే దొరకదు.

కమాండ్ల వాడకాన్ని వివరించే మ్యాన్ పేజీలకూ ఇలాంటి మెలికే ఉంది. పేజీ పేరు తెలిస్తే ‘మ్యాన్’ కొత్త పేజీనే చూపిస్తుంది. పేరు తెలియక ‘అప్రోపోస్’తో వెతికితే మాత్రం అది ముందే కట్టిపెట్టిన డేటాబేస్‌ను చూస్తుంది. ప్యాకేజీగా వచ్చినవాటికి డెబియన్ ఆ డేటాబేస్‌ను తానే సవరిస్తుంది. చేత్తో కంపైల్ చేసి పెట్టినదైతే వెంటనే ‘మ్యాన్‌డీబీ’ నడపడం మంచిది.

ఇక మిగిలింది మనుషులు రాసే నోట్సు. డెబియన్‌లో ప్యాకేజీ వివరణలను స్వచ్ఛంద కార్యకర్తలు వేర్వేరు భాషల్లోకి అనువదిస్తారు. ప్రతి అనువాదాన్నీ అసలు ఇంగ్లిష్ వివరణ నుంచి లెక్కగట్టిన చెక్‌సమ్‌తో ముడిపెడతారు. ఇంగ్లిష్‌లో ఒక్క మాట మారినా ఆ ముడి తెగుతుంది. అనువాదాన్ని సవరించేదాకా చదువరికి ఇంగ్లిషే కనబడుతుంది. పాతబడిన అనువాదం చూపడం కంటే అదే నయమని వాళ్ల లెక్క. మామ లెక్క కూడా అదే.

మీ ల్యాబ్‌లో కమాండ్ల షీటేదైనా గోడకు అంటించి ఉంటే, పైన డెబియన్ వెర్షనూ సరిచూసిన తేదీ ఉన్నాయేమో చూడు. లేకపోతే ఒక్కో కమాండూ కొట్టి చూసి, పనిచేయనివి కొట్టేసి, ఆ రెండూ రాసిపెట్టు. వచ్చే ఏడాది చేరే జూనియర్లకు ఆ షీటే మొదటి పాఠం.

ఇట్లు,
మీ మామ