కుక్క ఎందుకు మొరగలేదు?

ఒకప్పుడు రాళ్లగుట్టలకు, రంగనాథస్వామి ఆలయానికి పేరుపొందిన నానక్‌రామ్‌గూడ నేడు ఆకాశాన్నంటే భవనాలకు నెలవు. అక్కడి ఒక అపార్టుమెంటులో కొడుకు ఇంటికి వచ్చి ఉన్న పెద్దాయన ఒకరు తన మనుమరాలి గురించి చెబుతూ, "దానికి తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు" అని నిట్టూర్చారు. ఏడవ తరగతి చదివే ఆ బాలిక ఇంగ్లీషు అపరాధ పరిశోధన కథలను ఒక్క గుక్కలో చదివేస్తుంది. తెలుగు వాచకం తెరిస్తే మాత్రం రెండవ వాక్యం దగ్గరే ఆగిపోతుంది.

ఆ పెద్దాయన ఉపదేశాలు మానుకొని ఒక ఉపాయం పన్నారు. ట్రంకు పెట్టెలో దాచుకొన్న పాత డిటెక్టివ్ నవల ఒకటి తీసి, రోజూ రాత్రి భోజనానంతరం ఒక ప్రకరణం చదివి వినిపించసాగారు. దొంగ ఎవరో తేలబోయే చివరి ప్రకరణం వచ్చేసరికి, "కళ్లు లాగుతున్నాయమ్మా" అంటూ పుస్తకం బల్లమీద పెట్టి లేచిపోయారు.

ఇటువంటి నవలలంటే మన పెద్దలకు చాలాకాలం చిన్నచూపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఒక తరం పాఠకులకు ఇంటి మనుషులయ్యారు. అయినా అద్దె పుస్తకాల కొట్టునుంచి తెచ్చిన ఆ నవలలను పాఠ్యపుస్తకాల మధ్య దాచి చదివినవారే ఎక్కువ. పెద్దల భయంలో కొంత న్యాయం లేకపోలేదు. అవి పెద్దలకోసం రాసినవి, వాటిలో హత్యలు తరచు. అయితే ఆ భయం పసివాళ్లకు తగిన రహస్య కథలను కూడా దూరం చేసింది. బెంగాలీలో సత్యజిత్ రాయ్ 1965లో 'సందేశ్' అనే పిల్లల పత్రికలోనే ఫెలూదా అనే పరిశోధకుణ్ణి ప్రవేశపెట్టారు. అంతటి ఆదరణ పొందిన పాత్ర మన బాలసాహిత్యంలో పుట్టకపోవడం లోటే అని నా అభిప్రాయం.

లోటు ఉన్నా, మూలాలు మనకు కొత్తవి కావు. ఒక జానపద కథలో న్యాయాధికారి అనుమానితులందరికీ సమానమైన కర్రలు ఇచ్చి, దొంగ చేతి కర్ర తెల్లవారేసరికి అంగుళం పెరుగుతుందని చెబుతాడు. అపరాధి భయపడి తన కర్రను అంగుళం కోసుకొని పట్టుబడతాడు. 1947లో ప్రారంభమైన 'చందమామ'లోని బేతాళ కథలు ప్రతిసారీ చిక్కుప్రశ్నతోనే ముగింపుకు వచ్చేవి. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు పరిశోధన కథలు కాకపోయినా, తరువాత ఏమవుతుందోనని పిల్లలను నెలంతా ఎదురుచూసేట్లు చేశాయి.

రహస్య కథ పాఠకుని చేత ఏ పని చేయిస్తుంది? 1892లో ఆర్థర్ కానన్ డాయిల్ ప్రచురించిన ఒక షెర్లాక్ హోమ్స్ కథను చూడండి. పందెపు గుర్రం రాత్రివేళ సాలనుంచి మాయమవుతుంది. అక్కడ కాపలాకుక్క ఉంది. జరిగినదంతా అందరూ పరిశీలిస్తారు. హోమ్స్ మాత్రం జరగనిదాన్ని గమనిస్తాడు: కుక్క మొరగలేదు. అంటే వచ్చినవాడు దానికి బాగా తెలిసినవాడు. అతడెవరో ఇక్కడ చెప్పను. చెబితే మీరు ఆ కథ చదవరు.

ఈ ఆధారం పాఠకుని కళ్లముందే ఉంటుంది. అయినా మనం దాటిపోతాం. అందుకే కథ ముగిశాక పేజీలు వెనుకకు తిప్పుతాం. ఒక వాక్యాన్ని రెండవసారి, మరింత శ్రద్ధగా చదవడం వాచకం బలవంతాన చేయించలేని పని. ఇక్కడ అది కుతూహలం వల్ల దానంతటదే జరుగుతుంది.

విద్యార్థులారా! మీ ఇంట తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ ప్రయత్నం చేయవచ్చు. హత్యల జోలికి పోకుండా, పోయిన వస్తువు కథతో మొదలుపెట్టండి. మధ్యలో ఆపి "నీకు ఎవరిమీద అనుమానం?" అని అడగండి. తప్పు చెప్పినా దిద్దవద్దు, ఎందుకు అనుకొన్నారో చెప్పనివ్వండి. తెలియని మాటకు అర్థం అడిగితేనే చెప్పండి. అన్నింటికన్నా ముఖ్యంగా, ముగింపు ముందుగా చెప్పకండి. కథకు అంతకు మించిన ద్రోహం లేదు.

నానక్‌రామ్‌గూడలో ఆ రాత్రి పెద్దాయన గదిలో పడుకొన్నారే గాని నిద్రపోలేదు. హాలులో దీపం చాలాసేపు వెలుగుతూనే ఉంది. ఒత్తుల దగ్గర తడబడుతూ, కూడబలుక్కొంటూ చదువుతున్న గొంతు సన్నగా వినిపించింది. పదకొండు పేజీలకు గంటన్నర పట్టింది. ఆ తరువాత తలుపు మెల్లగా తెరుచుకొంది.

"తాతయ్యా! నౌకరు తడి చెప్పుల సంగతి మీరు మూడోరోజే చదివారు. నేనే పట్టించుకోలేదు. ఆ పేజీ ఎక్కడుందో చూపించరూ?"