కుక్క ఒంటి వాసన: స్నానమునకు స్నానమునకు నడుమ

పట్టణములందు ఇరుకైన ఇండ్లలో కాపురముండు మనవారిలో కుక్కను పెంచువారు పెక్కుమంది కలరు. పిల్లలు పట్టుపట్టుదురు, తండ్రి తెచ్చును, తల్లి సాకును. కొన్ని నెలలు గడచునప్పటికి ఇంటికి వచ్చిన చుట్టములు ముక్కుపై చేయి పెట్టుకొందురు. అంతటినుండి దానికి వరండాయే గతి. పిదప మెట్లక్రింద గొలుసు. కొన్ని ఇండ్లలో కడపట వీధియే. ఇంతకును ఆ మూగప్రాణి చేసిన తప్పేమియు లేదు. వాసన ఎచ్చటినుండి పుట్టుచున్నదో వెదకి చూచినవారు ఆ ఇంట లేకపోయిరి. అట్లు వెదకుట యెట్లో, స్నానము చేయించని దినములలో ఏమి చేయవలెనో తల్లిదండ్రులకు ఇచట విన్నవించుచున్నాము.

ముందుగా కుక్క ఒడలి స్వభావము తెలియవలెను. మనకు వలె దానికి ఒళ్ళంతయు చెమట కారదు. అట్టి స్వేదగ్రంథులు ముఖ్యముగా దాని అరికాలి మెత్తలయందే యుండును; వేడిమిని అది నాలుక చాపి రొప్పుటచేత పోగొట్టుకొనును. ఐతే రోమముల మొదళ్ళయందు జిడ్డును స్రవించు గ్రంథులు శరీరమంతటను కలవు. చర్మమును కాపాడునది ఆ జిడ్డే. చర్మముపై నివసించు బాక్టీరియా, ఈస్టు మొదలగు సూక్ష్మజీవులు దానిని విడగొట్టునప్పుడు, మనము కుక్కవాసన యని చెప్పుకొనునది పుట్టును. వెండ్రుకలు తడిసినప్పుడు ఆ పదార్థములు నీటితోబాటు గాలిలోనికి లేచును. వానలో తడిసి వచ్చిన కుక్క మిక్కిలి వాసన కొట్టుటకు కారణమిదియే.

ఇది తెలియక కొందఱు వారమునకు రెండు మాఱులు తాము వాడు సబ్బుతోనే కుక్కను రుద్ది కడుగుదురు. మానవ చర్మము కొంచెము ఆమ్లగుణము కలది, పి.హెచ్. లెక్కలో సుమారు 5.5. కుక్క చర్మము 7 అను తటస్థస్థానమునకు చేరువగా నుండును. సామాన్యపు సబ్బు 9, 10 వఱకును పోవు క్షారము. దానితో పదేపదే కడిగినచో జిడ్డుపొర పోయి చర్మమెండి, పొట్టు రాలి, దురద పుట్టును. కుక్క గోకుకొనును, గోకినచోట సూక్ష్మజీవులు చేరును, పోవలసిన వాసన మఱింత హెచ్చును. ఆరోగ్యముగా నున్న కుక్కకు కుక్కలకై చేసిన షాంపూతో నెలకొక స్నానము సాధారణముగా చాలును. బురదలో పొర్లినప్పటి మాట వేఱు. చర్మరోగమునకై వైద్యుడు తఱచుగా కడుగుమన్నచో అదియు వేఱు.

తక్కిన 29 దినములలో మనకు సాయపడునవి మన ముక్కును, మన భాషయును. తెలుగున వాసనలకు చక్కని పేళ్ళు కలవు. ముక్కిన వాసన, పులిసిన వాసన, నీచు వాసన, పాచి వాసన: ఇవి వేఱువేఱు సంగతులను చెప్పును. ఇంట తెలుగు వినుచు, వీధిలో మఱియొక భాష పలుకుచు పెరుగు మన పిల్లలు వీనినన్నిటిని కలిపి ‘స్మెల్లు’ అను ఒక్క మాటలో ముగించుచున్నారు. మాట పోయినప్పుడు భేదము గుర్తించు అలవాటును సన్నగిల్లును. కుక్క ఒంటిని పరీక్షించు పని వారికి అప్పగించినచో ఈ మాటలు పనితోబాటు అబ్బును. ప్రసంగవశమున ఒక ముచ్చట: ‘కంపు’ అనిన నేడు మనకు దుర్గంధమే గాని, ప్రాచీన కావ్యములలో అది పరిమళమునకును చెల్లినది, కన్నడమున నేటికిని పరిమళమే. తమిళమున ‘నాట్రం’ అను మాటయు ఇట్లే సువాసననుండి దుర్వాసనకు దిగజారినది. కన్నడపు ఇరుగుపొరుగున పెరిగిన బిడ్డ ‘మల్లెపూల కంపు’ అనినచో నవ్వవలసిన పనిలేదు.

ఇక విషయమునకు వత్తము. ముక్కిన బియ్యమువంటి వాసన వచ్చినచో, కుక్కను విడిచి ముందు దాని పడకను వాసన చూడుడు. పలుమాఱులు దోషమచ్చటనే యుండును. జిడ్డు, రాలిన వెండ్రుకలు, చొల్లు, తడికాళ్ళ తేమ అన్నియు గోనెపట్టాలోనికో పాతదుప్పటిలోనికో ఇంకి నిలువయుండును. నిన్న స్నానము చేసిన కుక్క నేడు మరల వాసన కొట్టుచున్నదని వాపోవువారు మొన్నటి పట్టాపైననే దానిని పరుండబెట్టి యుందురు. పడకగుడ్డను వారమున కొకమాఱు వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. కావున ఉతుకుటకు అనువైన రెండు గుడ్డలు ఉంచుకొనుట మేలు. ముసురుపట్టిన దినములలో ఎండ లేనిచో, పొడి పట్టాపై వంటసోడా పలుచగా చల్లి, పావుగంట ఉంచి, కుక్కను దగ్గఱకు రానీయక బాగుగా దులిపివేయవచ్చును.

పడక శుభ్రముగా నుండియు ఒళ్ళు ముక్కుచున్నచో లోపము దువ్వుటలో నున్నది. తమిళనాట విరుదునగర్ జిల్లాలోని రాజపాళయమున స్థిరపడిన తెలుగు రాజులు తరతరములుగా పెంచిన తెల్లని వేటకుక్క ఆ ఊరి పేరనే ప్రసిద్ధికెక్కినది. 2005లో భారత తపాలాశాఖ కుక్కజాతులపై వెలువరించిన నాలుగు బిళ్ళలలో అదియు నొకటి. కన్నడనాటి ముధోలు కుక్క మఱియొకటి. ఇట్టి పొట్టివెండ్రుకల కుక్కలకు తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తినచో చాలవఱకు సరిపోవును. బొచ్చుకుక్కలకు అట్లు చాలదు. స్పిట్జ్ జాతికి పైవెండ్రుకల అడుగున దట్టమైన మెత్తని నూగుండును. దుమ్మును తడియు అందు చిక్కుకొనును. పైపైన దువ్వినచో వెండ్రుకలు మెఱయునేగాని అడుగున తేమ అట్లే యుండును. పాయలు పాయలుగా తీసి, చర్మము కనబడునట్లు దినదినము దువ్వవలెను. అట్లు దువ్వునప్పుడే చెవుల వెనుకను, వ్రేళ్ళ సందులను పిడుదులున్నవేమో చూడవలెను. వాని కాటువలన ప్రమాదకరమైన జ్వరములు కలుగును.

పులిసిన దోసెపిండివంటి వాసన చెవులనుండియో పాదములనుండియో వచ్చును. ఈస్టు మితిమీరి పెరుగుటయే తఱచుగా దీనికి కారణము. లాబ్రడారువలె చెవులు వ్రేలాడు కుక్కలకు లోపల గాలి ఆడక ఇది సులభముగా కలుగును. వారమున కొకమాఱు చెవిదొప్పను ఎత్తి చూచి, కనబడునంతవఱకే మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. కుక్క చెవిదారి కొంతదూరము నిలువుగా దిగి ఆపైన అడ్డముగా తిరుగును. పుల్లకు దూదిచుట్టి లోనికి పొడిచినచో మురికి మఱింత లోపలికి పోవును. చెవి ఎఱ్ఱబడినను, కుక్క మాటిమాటికి తల విదిలించినను వైద్యునికి చూపవలెను. పాదములను షికారునుండి వచ్చినప్పుడెల్ల కడిగి, వ్రేళ్ళ సందులలో తడి లేకుండ ఒత్తవలెను. కడుగుటకంటె ఆరబెట్టుటయే ముఖ్యము. పగ్గుజాతి కుక్క మొగమునందలి మడతలకును ఈ మాటయే వర్తించును.

నీచు వాసన హఠాత్తుగా గుప్పుమని వచ్చి, కుక్క పిఱుదులను నేలపై ఈడ్చుచున్నచో, ఆసనమున కిరుప్రక్కల, గడియారములో 4, 8 అంకెలుండు తావులలో గల రెండు చిన్న సంచులు నిండియున్నవని ఊహింపవచ్చును. ఎంత తుడిచినను దువ్వినను ఈ వాసన పోదు. అనుభవము లేనివారు వానిని పిదికినచో గాయపడును. వైద్యుడు నిమిషములో చేయు పని యిది.

పాచి వాసన నోటిది. పెరిగిన కుక్కకు 42 పండ్లుండును. వానిపై గార కట్టి, చిగుళ్ళు వాచి, పాచి కుళ్ళుగా మారును. మెత్తని బ్రష్షుతో, కుక్కలకై చేసిన పేస్టుతో తోమవలెను. మన పేస్టును కుక్క ఉమ్మివేయదు, మ్రింగును. అందలి ఫ్లోరైడు దానికి మంచిది కాదు, కొన్నిటియందుండు జైలిటాల్ అను తీపి పదార్థము విషమే. తోమినను పోక నోరు మూత్రపు వాసన కొట్టినచో మూత్రపిండములను, మాగిన పండ్లవంటి తీపివాసన వచ్చినచో మధుమేహమును అనుమానించి ఆలస్యము చేయక పరీక్ష చేయింపవలెను. అత్తరు చల్లి ఊరకున్నవారికి ఇట్టి హెచ్చరిక అందక పోవును.

అత్తరుల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. కుక్క ముక్కు మన ముక్కుకంటె ఎన్నో రెట్లు సునిశితము. మనకు హాయియైనది దానికి హింస. అది ఒంటిపై చల్లినదానినెల్ల నాకును. కావున కర్పూరము, కలరా ఉండలు, ఫినాయిలు, టీట్రీ నూనె దాని ఒంటికిగాని పడకకుగాని తగులరాదు. పిడుదులకు కిరసనాయిలు పూయు పాత అలవాటు చర్మమును కాల్చును, నాకినచో ప్రాణమునకే ముప్పు. నిమ్మరసము గోకిన చర్మముపై మంట పుట్టించును. వీనిని కొనుటకు వెచ్చించు డబ్బుతో ఒక మంచి దువ్వెన వచ్చును.

పదేండ్లు దాటిన బిడ్డ దువ్వుట, తుడుచుట, చెవులు చూచుట దినమునకు పది నిమిషములలో చేయగలడు. పండ్లు తోముట మాత్రము పెద్దలు చేయవలెను. కుక్క తినునప్పుడును నిద్రించునప్పుడును దాని జోలికి పోరాదనియు, పని ముగిసినవెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెననియు పిల్లలకు ముందే చెప్పవలెను. ఆనాడు ఏ చోట ఏ వాసన యున్నదో బిడ్డచేత తెలుగున ఒక వాక్యము వ్రాయించి ఉంచుడు. వైద్యుని యొద్దకు పోయినప్పుడు, ఎప్పటినుండి, ఎచ్చట, ఎట్టి వాసన యని ఆయన అడుగు మూడు ప్రశ్నలకును అందు జవాబు దొరకును. అది తమిళమునగాని కన్నడమునగాని చెప్పవలసివచ్చి, ‘నీచు’ అను మాటకు సరియైన మాట తోచనిచో, చేపవాసన యనిన చాలును. పులిసినదానికి దోసెపిండి పేరు చెప్పినచో ఎల్లవారికిని తెలియును.