కట్టె ఎక్కడిదో ముందు అడగండి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో క్రిమినల్ ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్‌కు మొదటి మర్డర్ కేసు దొరికిందంటే మంచిదే. పేరొస్తుంది, స్టేషన్ల చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో నంబరు తిరుగుతుంది. ఆ తొందరలో చాలామంది చేసే తప్పు, ఎఫ్‌ఐఆర్ మీద రాసి ఉన్న సెక్షన్‌నే కేసు అనుకోవడం. ఆ సెక్షన్ వేసే సమయానికి శవం మార్చురీలో ఉంటుంది, బంధువులు రోడ్డు మీద బైఠాయించి ఉంటారు, పోస్టుమార్టం ఇంకా కాదు. తర్వాత వచ్చే కాగితాలు ఆ అంకెను మార్చగలవు. మార్పించడమో, మారకుండా చూడటమో మన పని.

ప్రాణం పోయిన ప్రతి కేసూ హత్య కాదు. భారతీయ న్యాయ సంహితలో హత్యకు 103(1) కింద ఉరి లేదా యావజ్జీవం. హత్య స్థాయికి చేరని నరహత్య 105 కిందికి వస్తుంది, అందులో రెండు భాగాలున్నాయి. ప్రాణం తీయాలనో, ప్రాణం పోయేంత గాయం చేయాలనో ఉద్దేశం ఉంటే 5 నుంచి 10 ఏళ్లు, లేదా యావజ్జీవం. ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోవచ్చని తెలిసి చేస్తే 10 ఏళ్ల వరకు. ఉద్దేశమూ లేదు, తెలిసీ చేయలేదు, నిర్లక్ష్యమే అయితే 106(1), 5 ఏళ్ల వరకు. చివరిది బెయిలబుల్, మేజిస్ట్రేట్ కోర్టులో నడుస్తుంది. పై రెండూ సెషన్స్‌కు పోతాయి. క్లయింట్ ఇంట్లో వాళ్లకు ఈ తేడా అంటే ఆ రాత్రి మనిషి ఇంటికి వస్తాడా, జైలుకు పోతాడా అన్నదే.

ఘటన తేదీ చూడకుండా ఏ సెక్షనూ నోటితో చెప్పకండి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీనే వర్తిస్తుంది. మిర్యాలగూడ ప్రణయ్ కేసు చూడండి. హత్య జరిగింది 2018 సెప్టెంబర్ 14న. నల్లగొండ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2025 మార్చి 10న. అప్పటికి కొత్త చట్టం వచ్చి ఎనిమిది నెలలు దాటింది, అయినా శిక్ష పడింది ఐపీసీ కిందే. కత్తి పట్టిన వ్యక్తికి ఉరి, మిగిలిన ఆరుగురికి యావజ్జీవం. ‘మావాడు అక్కడ లేనే లేడు సార్’ అని క్లయింట్ అన్నప్పుడు ఈ కేసు గుర్తు చేసుకోండి. సుపారీ మాట్లాడినవాళ్లకూ, దారి చూపినవాళ్లకూ ఉద్దేశం అంటుకుంటుంది. కుట్ర కేసులో ఊళ్లో లేకపోవడం డిఫెన్స్ కాదు.

మన దగ్గర ఎక్కువగా వచ్చేవి మాత్రం ఇలాంటివి కావు. గట్టు తగాదాలు, బోరు నీళ్లు, దావత్‌లో మాటా మాటా. ఒక ఉదాహరణ అనుకుందాం. ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు గట్టు దగ్గర తిట్టుకున్నారు. ఒకడు అక్కడే పడి ఉన్న పార తీసి తల మీద ఒక్కటి వేశాడు. రెండోవాడు మూడో రోజున ఉస్మానియాలో చనిపోయాడు. ఇదే తగాదాలో మొదటివాడు ఇంటికి పోయి, గొడ్డలి తెచ్చి కొట్టాడనుకోండి. గాయం అదే, చావు అదే, సెక్షన్ మారిపోతుంది. ఆయుధం వెంట తెచ్చుకున్నదా, అక్కడ దొరికిందా, దెబ్బ ఎక్కడ పడింది, ఎంత బలంగా పడింది, ఎన్ని పడ్డాయి, పాత పగ ఉందా, గొడవ అప్పటికప్పుడు పుట్టిందా? 2006లో పులిచర్ల నాగరాజు కేసులో సుప్రీంకోర్టు ఉద్దేశాన్ని ఎక్కడ వెతకాలో ఇలా వరసగా చెప్పింది. అది మన రాష్ట్రాల నుంచి పోయిన కేసే. ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.

ఆకస్మిక కొట్లాట మినహాయింపు కావాలంటే ముందస్తు ఆలోచన లేదనీ, అవతలివాడి నిస్సహాయతను వాడుకోలేదనీ, క్రూరంగా కొట్టలేదనీ చూపించాలి. ఆ భారం మనదే. జూనియర్లు బోల్తా పడేది ఇక్కడే. మొదటి సాక్షిని క్రాస్ చేస్తూ ‘ముద్దాయి ఆ రోజు ఊళ్లోనే లేడు’ అని సజెషన్ వేస్తారు. ఆర్గ్యుమెంట్స్‌లో ‘ఉంటే గింటే కొట్లాటలో కొట్టి ఉంటాడు’ అంటారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. లేనివాడు కొట్లాటలో ఎట్లా ఉంటాడని జడ్జిగారు అడిగితే జవాబు ఉండదు. ఏ దారిన పోతారో మొదటి క్రాస్‌కు ముందే తేల్చుకోండి. క్లయింట్‌కు రెండు దారులూ వివరంగా చెప్పండి. పూర్తిగా విడుదల చేయిస్తామని మాటిచ్చి తెచ్చుకున్న కేసులోనే ఈ తప్పు ఎక్కువ.

‘తలమీద కొట్టలేదు, కాళ్ల మీద కొట్టారు, కాబట్టి హత్య కాదు’ అనే వాదన బార్ రూముల్లో ఇంకా వినిపిస్తుంది. దాన్ని నమ్ముకోకండి. గుంటూరు జిల్లాలో ఫ్యాక్షన్ తగాదాలో ఒక పెద్దమనిషిని బరువైన కట్టెలతో కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు, ఆయన మరుసటి రోజు చనిపోయాడు. కింది కోర్టు హత్య అంది, హైకోర్టు తగ్గించింది, 1976లో సుప్రీంకోర్టు మళ్లీ హత్యే అంది. రాయవరపు పున్నయ్య కేసు అదే. వేసిన గాయాలు వేయాలనుకునే వేసినవై, మామూలుగా అవి ప్రాణం తీయడానికి సరిపోతే చాలు. చంపాలని విడిగా అనుకున్నారని రుజువు చేయక్కర్లేదు.

ఆ ‘సరిపోతాయి’ అన్న ముక్క చెప్పాల్సింది డాక్టర్. పీఎం రిపోర్టులో అది లేదనుకోండి. చీఫ్‌లో పీపీ కూడా అడగలేదనుకోండి. మీరు క్రాస్‌లో లేచి అడిగి, ఆ మాట రికార్డులోకి తెప్పించకండి. తెలివి చూపించుకోవాలనే తపనలో అడిగిన ఒక్క ప్రశ్నకు క్లయింట్ జీవితకాలం మూల్యం చెల్లిస్తాడు. మన జిల్లాల నుంచి హైదరాబాద్‌కు రెఫర్ చేసిన కేసుల్లో కేస్ షీట్లు రెండు ఆసుపత్రుల్లో ఉంటాయి. రెండూ తెప్పించండి. మొదటి ఆసుపత్రిలో ఏం చెప్పి చేర్చారో, ‘పడిపోయాడు’ అన్నారో ‘కొట్టారు’ అన్నారో అక్కడే ఉంటుంది.

రోడ్డు కేసుల్లో చనిపోయినవారి సంఖ్య చూసి బెదరకండి. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెంలో వోల్వో బస్సు కల్వర్టును గుద్ది కాలిపోయింది. 45 మంది పోయారు. అంత ఘోరంలోనూ చట్టం అడిగేది ఒక్కరు పోయినప్పుడు అడిగేదే: నిర్లక్ష్యమా, ప్రాణాలు పోతాయని తెలిసీ చేశాడా? తాగి నడిపాడా, బ్రేకులు లేవని తెలిసీ బండి తీశాడా అన్న ప్రశ్నలు 106ను 105 వైపు లాగుతాయి. డ్రైవర్‌ను కలిసినప్పుడు ముందు అడగాల్సినవి అవే.

ఇప్పుడు కొత్తగా ప్రాక్టీసుకు వచ్చినవాళ్లు తప్పకుండా చూసేది కరెంటు తీగ కేసు. అడవి పందుల కోసం చేను చుట్టూ తీగ కట్టి కరెంటు ఇస్తారు, పొద్దున్నే పక్క చేను రైతు దానికి తగులుతాడు. మనకు కడుపు తరుక్కుపోయే కేసులివి. చనిపోయినవాడూ, ముద్దాయీ ఇద్దరూ రైతులే, చాలాసార్లు ఒకే వాడకట్టు. బీహార్ నుంచి వచ్చిన చెరుబిన్ గ్రెగరీ కేసులో, మరుగుదొడ్డి దగ్గర కట్టిన కరెంటు తీగకు తగిలి ఒకామె చనిపోతే, సుప్రీంకోర్టు పాత ఐపీసీలో నిర్లక్ష్యానికి ఉన్న 304ఏ కింద శిక్షను ఖాయం చేసింది. ఆ తీర్పు చేతిలో ఉందని ధీమాగా ఉండకండి. ఆ దారిలో జనం నడుస్తారని మీ క్లయింట్‌కు తెలుసా, రాత్రి ఎన్ని గంటలకు స్విచ్ వేశాడు, పక్కవాళ్లకు చెప్పాడా, ఇంతకుముందు ఎవరికైనా షాక్ కొట్టిందా అన్నవాటితో పోలీసులు 105 నిలబెట్టగలరు. బెయిల్ పిటిషన్ డ్రాఫ్ట్ చేయకముందే ఒకసారి ఆ చేను దగ్గరికి పోండి. తీగ ఏ స్తంభం నుంచి లాగారో, బాటకు ఎంత దూరమో కొలుచుకోండి. సీన్ పంచనామాలో రాసిన దూరం దానితో సరిపోతుందో లేదో చూసుకోండి.