ఎనిమిదుల జతతో ఆల్-ఇన్ ఎప్పుడు?

ప్రశ్న: పోకర్ టోర్నమెంట్‌లో చేతికి రెండు ఎనిమిదులు వచ్చినప్పుడల్లా తికమక పడుతున్నాను. ఉన్న చిప్స్ అన్నీ తోసేయవచ్చా?

జవాబు: ముందు ముక్కలు కాదు, మీ ముందున్న చిప్స్ లెక్కపెట్టుకోండి. 10 బిగ్ బ్లైండ్లలోపే మిగిలి, మీకంటే ముందు ఎవరూ పందెంలోకి దిగకపోతే ఆలోచించక్కర్లేదు, తోసేయండి. అందరూ ఫోల్డ్ అయితే బ్లైండ్లు మీవే. ఎవరైనా ఆసు, రాజుతో కాల్ చేసినా 100కు దాదాపు 55 సార్లు గెలుపు మీదే.

భయమల్లా పెద్ద జతతోనే. అవతల రెండు జాకీలుంటే మీరు నెగ్గేది 5 ఆటల్లో ఒక్కటి. మీ తర్వాత ఇద్దరే ఆడాల్సి ఉంటే, వాళ్లలో ఒకరికి తొమ్మిదులో అంతకంటే పెద్ద జతో ఉండే అవకాశం 6 శాతం. అదే 8 మంది ఉంటే 20 శాతం దాటుతుంది. కూర్చున్న చోటుకు అంత విలువ!

మీ దగ్గర 40 బ్లైండ్లుంటే కథ వేరు. ఒకరు పెంచి, దానిమీద ఇంకొకరు మళ్లీ పెంచితే పారేయండి. (మనసొప్పదు, తెలుసు. నాకూ చాన్నాళ్లు ఒప్పలేదు.) ఒక్కరే కాస్త పెంచితే కాల్ చేసి ఫ్లాప్ చూడండి. అందులో మరో ఎనిమిది పడేది 100కు 12 సార్లే. రాజు, రాణి పడి అవతలివాళ్లు గట్టిగా కాస్తే, అక్కడితో వదిలేయండి.