మూడు రాష్ట్రముల నడుమ ఒక్క అడవి

పాఠశాల గోడకు వ్రేలాడు దేశపటమును చూచునపుడు రాష్ట్రముల సరిహద్దులు స్పష్టముగా కనబడును. ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క రంగు. కాని తళి, జవళగిరి అడవులలోనికి పోయి వెదకినచో ఆ గీత ఎచ్చటను కానరాదు. ఈ చెట్టు తమిళనాటిది, ఆ చెట్టు కన్నడనాటిది అని చూచి చెప్పజాలము. అడవి ఒక్కటే, దానిని ఏలు ప్రభుత్వములు మాత్రము వేఱు వేఱు. ఇట్టి ఉమ్మడి అడవిని కాపాడుట యెట్లు? ఈ ప్రశ్న మన ప్రాంతపు రైతు కుటుంబములకును, ఆ యిండ్లనుండి బడికి వచ్చు పిల్లలకును సంబంధించినది. కావున దీనిని తల్లిదండ్రులకు కొంత వివరింపదలచితిని.

మొదట మన ఉనికిని గుర్తు తెచ్చుకొందము. గురుబరపల్లికి ఒకవైపు కృష్ణగిరి, మఱియొకవైపు హోసూరు. హోసూరు దాటినచో కర్ణాటకమందలి ఆనేకల్లు, బన్నేరుఘట్ట. వేపనపల్లి దిక్కునకు పోయినచో ఆంధ్రప్రదేశమందలి కుప్పము సీమయు, కర్ణాటకమందలి కోలారు జిల్లాయు తగులును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువఱకు హోసూరును కుప్పమును మద్రాసు రాష్ట్రములోనివే. పిమ్మట చిత్తూరు జిల్లా ఆంధ్రకు చేరెను; సేలము జిల్లాలోని మన తాలూకాలు మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. 1965లో ధర్మపురి జిల్లాయు, 2004లో కృష్ణగిరి జిల్లాయు ఏర్పడెను. మనుష్యులు గీసిన గీతలు ఇన్నిమార్లు మారినను అడవి మాత్రము ఉన్నచోటనే యున్నది.

ఆ అడవిని ఒక్కొక్క ప్రభుత్వము తన వంతున రక్షితస్థలముగా ప్రకటించెను. కర్ణాటకమున 1974లో బన్నేరుఘట్ట జాతీయవనము, 1987లో కావేరి వన్యప్రాణి రక్షణస్థలము ఏర్పడెను. ఆంధ్రప్రదేశమున 1990లో కౌండిన్య రక్షణస్థలము ఏర్పడెను. తమిళనాట 2014లో సుమారు 504 చదరపు కిలోమీటర్ల కావేరి ఉత్తర రక్షణస్థలమును, 2022లో సుమారు 686 చదరపు కిలోమీటర్ల కావేరి దక్షిణ రక్షణస్థలమును ప్రకటించిరి. పేర్లు అనేకములైనను ఏనుగునకు ఇవి యన్నియు ఒకే యింటి గదులవంటివి.

ఎదిగిన ఏనుగునకు దినమునకు సుమారు 150 కిలోల మేతయు, నూఱు లీటర్లకు మించిన నీరును కావలెను. ఒక్కచోట నిలిచినచో అచ్చటి మేత తీఱిపోవును. అందువలననే అది తిరుగుచుండును. వానలు వెనుకబట్టి మన చేలలో రాగి కంకులు పండు కాలమున, బన్నేరుఘట్ట వైపునుండి గుంపులు తళి, జవళగిరి, డెంకణికోట మీదుగా సానమావు అడవికి వచ్చును. కొన్ని జాతీయ రహదారిని దాటి శూళగిరి, కృష్ణగిరి వైపులకును పోవును. 1980వ దశకమున హోసూరు అడవులనుండి కొన్ని యేనుగులు కుప్పము, పలమనేరు సీమలకు పోయి అచ్చటనే నిలిచినవి. పైన చెప్పిన కౌండిన్య రక్షణస్థలము వానికొఱకు ఏర్పడినదే.

ఇట్టి అడవిని ఎవరికి వారు వేఱుగా పాలించినచో కలుగు చిక్కులు మూడు.

మొదటిది కంచెల చిక్కు. కర్ణాటకమున పాత రైలు పట్టాలతోను, హోసూరు అటవీ విభాగమున ఉక్కు త్రాళ్లతోను కంచెలు కట్టిరి. పంటను కాపాడుకొనుట న్యాయమే. కాని ఒకరు మూసినచోట ఏనుగు ఆగి, మూయనిచోటికి నడచును. ఒక ఊరి పొలమున తప్పిన నష్టము ప్రక్క ఊరి పొలము మీద పడును.

రెండవది దొంగల చిక్కు. దంతములకై ఏనుగులను చంపి, చందనపు చెట్లను నఱికించిన వీరప్పను ఏండ్ల తరబడి కర్ణాటక, తమిళనాడుల అడవులలో ఇటునుండి అటు, అటునుండి ఇటు దాటుచు తప్పించుకొనెను. 2004 అక్టోబరు 18న ధర్మపురి జిల్లాలోని పాపారపట్టి వద్ద తమిళనాడు ప్రత్యేక దళమువారి చేతిలో అతడు మరణించెను. అన్నాళ్లును సరిహద్దు కావలివానికి అడ్డమయ్యెను గాని దొంగకు అడ్డము కాలేదు.

మూడవది వార్త అందని చిక్కు. ఏనుగులు వచ్చుచున్నవని ముందుగా తెలియని రైతు భయపడును. భయపడినవాడు చేయరాని పని చేయును. 2023 మార్చి 7న ధర్మపురి జిల్లా మారండహళ్లి వద్ద పొలమునకు అక్రమముగా పెట్టిన విద్యుత్తు తీగ తగిలి మూడు ఆడ ఏనుగులు చనిపోయెను. వాని వెంటనున్న రెండు పిల్లలు తల్లిలేనివయ్యెను. ఆ తీగెయే చీకటిలో నడచు మనుష్యునకు తగిలినను ఫలితము అదియే.

ఈ చిక్కులు మనకు మాత్రమే కలిగినవి కావు. ఆఫ్రికా ఖండమున రాష్ట్రముల నడుమ గాక దేశముల నడుమనే ఇట్టి అడవులు గలవు. కామెరూను, మధ్య ఆఫ్రికా గణతంత్రము, కాంగో అను మూడు దేశములు సంఘా నది ప్రాంతమందలి తమ మూడు జాతీయవనములను కలిపి కాపాడుటకు 2000వ సంవత్సరమున ఒప్పందము చేసికొనెను. 2012లో అది ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తింపబడెను. దక్షిణమున అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే అను ఐదు దేశములు 2011లో సంధి చేసికొని, సుమారు 5,20,000 చదరపు కిలోమీటర్ల భూమిని ఉమ్మడి సంరక్షణ క్రిందికి తెచ్చెను. అంగోలాకు రాజభాష పోర్చుగీసు; తక్కిన నాలుగింటికి ఆంగ్లము. భాష వేఱైనను పని ఆగలేదు. 2022లో ఆ దేశములు కలసి ఏనుగులను లెక్కింపగా సుమారు 2,28,000 తేలినవి.

కలసి లెక్కించుట యెందుకని పిల్లలు అడుగవచ్చును. ఒక రాష్ట్రము సోమవారమునను, ప్రక్క రాష్ట్రము శుక్రవారమునను లెక్కించినచో, నడుమ సరిహద్దు దాటిన పది యేనుగులు రెండు లెక్కలలోను చేరి ఇరువది యగును. ఎదురుగా వచ్చినవి ఏ లెక్కలోను చేరకయే పోవును. తప్పు లెక్కపై కట్టిన ఏర్పాటు నిలువదు. అందుచేతనే 2024 మే నెలలో తమిళనాడు, కర్ణాటక, కేరళ, ఆంధ్రప్రదేశములు ఒకే దినములలో ఏనుగుల గణన జరిపెను. 2024 సెప్టెంబరు 27న కర్ణాటక, ఆంధ్రప్రదేశములు విజయవాడలో ఒప్పందము చేసికొనెను. దాని ప్రకారము అడవి ఏనుగులను మళ్లించుటకు శిక్షణ పొందిన కుంకీ యేనుగులను నాలుగింటిని 2025 మే 21న కర్ణాటక ఆంధ్రకు అప్పగించెను. ఇరుగుపొరుగు పనిముట్లు ఇచ్చిపుచ్చుకొనునట్లే ఇది.

ఒప్పందములు ప్రభుత్వములు చేయును. వానిని నడపవలసినది సరిహద్దున బ్రదుకు మనమే. ఏనుగుల గుంపు కదలినదను వార్త కన్నడమున పుట్టి, తమిళమున నడచి, తెలుగున ముగియవలసియున్నది. మన పిల్లలు ఇంట తెలుగు, బడిలో తెలుగుతోపాటు తమిళము, సంతలో కన్నడము వినుచు పెరుగుదురు. ఇన్ని భాషలు పిల్లలకు బరువని కొందఱు తల్లిదండ్రులు చింతింతురు. అది బరువు కాదు. కుప్పములోని మేనమామకును, ఆనేకల్లులోని అత్తకును, ఇచ్చటి అటవీశాఖ కావలివానికిని ఒకే మాటను పొరపాటు లేకుండ అందింపగలవాడు అట్టి పిల్లవాడే. మాతృభాషను నిలుపుకొని పొరుగు భాషను నేర్చుట మన అడవికిని మన ప్రాణమునకును పనికివచ్చు విద్య.

కావున తల్లిదండ్రులకు నా మనవి యిది. ఏనుగులు తిరుగు నెలలలో పిల్లలను తెల్లవారక ముందును, ప్రొద్దుగ్రుంకిన తరువాతను ఒంటరిగా పంపకుడు. సెల్‌ఫోనులో చిత్రము తీయుటకై ఏనుగు దగ్గఱకు పోనీయకుడు. గుంపును తఱుముటకు రాళ్లు రువ్వుట, బెదరించుట మాని అటవీశాఖకు వెంటనే తెలుపుడు. పొరుగు రాష్ట్రమందలి బంధువులకును చెప్పుడు. చేని కంచెకు విద్యుత్తు తీగ తగిలింపకుడు. పంట నష్టమైనచో ఆలస్యము చేయక అధికారులకు వ్రాసి యిచ్చి పరిహారము కోరుడు. వ్రాతపని రానివారికి చదువుకొన్న పిల్లలు తోడ్పడవలెను.

అడవిలో నీరు నిలిచిననే మన చెఱువులకు ఊట. చెఱువు నిండిననే మన రాగిచేనికి పంట. ఆ అడవి ఏ రాష్ట్రముదని తగవులాడుటకంటె, అది మూడు రాష్ట్రముల బిడ్డలదని తెలిసి కాపాడుకొనుట మేలు.